కార్తీకపు ఎండలో కృష్ణ తీరం: ల్యాండ్‌స్కేప్ ఫోటోలు తీయడం ఎలా

అక్టోబర్ చివరికి కాశ్మీర్ లోయలో చినార్ ఆకులు ఎర్రబడతాయి. ఆ ఫోటోలు చూసి చాలామంది, మన దగ్గర శరత్కాలంలో తీయడానికి ఏముందిలే అని కెమెరాను బీరువాలో పెట్టేస్తారు. నిజానికి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏడాది మొత్తంలో ఫోటోలకు అన్నిటికన్నా మంచి కాలం ఆశ్వయుజం, కార్తీకమే. చెట్లు వానలు తాగి పచ్చగా ఉంటాయి. లంకల్లో రెల్లు పూస్తుంది. వరద తీసిన కృష్ణ నెమ్మదిగా తేటపడుతుంది. అన్నిటికీ మించి ఎండ ఏటవాలుగా పడుతుంది. మన శరత్తు ఆకుల్లో కంటే వెలుగులోనే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి, ముందు ఆ వెలుగు లెక్క తెలుసుకుని, చోటు ఎంచుకోవడం, కెమెరా తీయడం ఆ తర్వాత చేయండి.

ముందు ఎండ లెక్క చూడండి

విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సెప్టెంబర్ 23 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి, సరిగ్గా పడమట అస్తమిస్తాడు. అక్కడి నుంచి రోజురోజుకూ దక్షిణానికి జరుగుతాడు. నవంబర్ మధ్యకు వచ్చేసరికి పడమర దిక్కు నుంచి దాదాపు 19 డిగ్రీలు దక్షిణంగా దిగుతాడు. మధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు. సెప్టెంబర్ చివర్లో 73 డిగ్రీల ఎత్తు దాకా ఎక్కేవాడు నవంబర్ మధ్యలో 55 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. మేలో పదకొండు గంటలకు మనిషి నీడ కాళ్ల కిందే ఉంటుంది. నవంబర్‌లో అదే సమయానికి పక్కకు సాగి కనిపిస్తుంది. అందుకే ఈ రెండు నెలల్లో ఉదయం తొమ్మిదిన్నర దాకా, మధ్యాహ్నం మూడున్నర దాటాక కూడా పనికొచ్చే వెలుగు దొరుకుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఫోటోగ్రఫీ పాఠాల్లో ఎక్కడ చూసినా గోల్డెన్ అవర్ అని, అంటే పొద్దు పొడిచాక, పొద్దు గుంకే ముందు మెత్తటి పసుపు వెలుగు ఉండే గంట అని ఉంటుంది. ఆ పాఠాలు చాలావరకు ఐరోపా, అమెరికాలలో ఉండేవాళ్లు రాసినవి. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, ఆలస్యంగా దిగుతాడు. మన దగ్గర దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. దిగంతానికి ఆరు డిగ్రీల ఎత్తులో ఉన్న సూర్యుడు పూర్తిగా మునగడానికి సుమారు అరగంటకు మించి పట్టదు. అంటే మన బంగారు గంట అరగంటే. గంట ఉందనుకుని నాలుగు చోట్లు తిరగాలని బయల్దేరితే నాలుగూ పోతాయి. ఒక సాయంత్రానికి ఒకే చోటు పెట్టుకోండి.

విజయవాడలో సూర్యాస్తమయం అక్టోబర్ మొదట్లో 5:55 ప్రాంతంలో, నవంబర్ మధ్యలో 5:33 ప్రాంతంలో అవుతుంది. సూర్యోదయం అక్టోబర్ మొదట్లో ఆరుకు రెండు మూడు నిమిషాల ముందు, నవంబర్ మధ్యలో 6:10 దాటాక. ఆఫీసు అయ్యాక వెళ్దాం అనుకునేవాళ్లకు నవంబర్ సాయంత్రాలు చేతికి అందవు. ఆ నెలలో ఉదయాలనే నమ్ముకోండి.

ఫోన్‌లో ఫోటోపిల్స్, సన్ సర్వేయర్ లాంటి యాప్ ఒకటి పెట్టుకుంటే ఏ తేదీన ఏ చోటు నుంచి సూర్యుడు ఎటు దిగుతాడో మ్యాప్ మీద గీత గీసి చూపిస్తుంది. యాప్ లేకపోయినా పర్వాలేదు. చేయి ముందుకు చాచి, నాలుగు వేళ్లు అడ్డంగా సూర్యుడికీ దిగంతానికీ మధ్య పెట్టండి. వేళ్లు సరిగ్గా పడితే మీకు సుమారు 35 నిమిషాలు ఉన్నట్టు. రెండు వేళ్లే పడితే ట్రైపాడ్ వేయాల్సిన సమయం అప్పటికే వచ్చేసినట్టు. సూర్యుడు కాస్త వాలాకే ఈ లెక్క చేయండి. తీక్షణమైన ఎండలోకి నేరుగా చూడకూడదు.

తర్వాత ఆకాశాన్ని చూసి రోజు ఎంచుకోండి

నైరుతి రుతుపవనాలు అక్టోబర్ మధ్యకు మన ప్రాంతం నుంచి వెనక్కి వెళ్లిపోతాయి. ఆ వెంటనే ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు బంగాళాఖాతంలో అల్పపీడనాలు మొదలవుతాయి. ఈ రెంటి మధ్య వచ్చే రోజులు బంగారం లాంటివి. ముసురు పట్టి వదిలిన మర్నాడు గాలిలో దుమ్ము కడిగేసినట్టు ఉంటుంది. మామూలు రోజుల్లో మసగ్గా బూడిదరంగులో కనిపించే కొండపల్లి కొండలు అలాంటి ఉదయం చెట్టు చెట్టుగా విడిపోయి కనిపిస్తాయి. వాన ఆగిన మొదటి పన్నెండు గంటలను వదలొద్దు. తుఫాను హెచ్చరిక అమల్లో ఉండగా మాత్రం ఎక్కడికీ వెళ్లొద్దు.

సాయంత్రం ఆకాశం రంగు ఎక్కుతుందో లేదో మధ్యాహ్నం నాలుగింటికే చాలావరకు చెప్పేయొచ్చు. వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రం తెరిచి చూడండి. మన నెత్తి మీద పలచని మేఘాలు పరుచుకుని ఉండి, పడమటి వైపు, అంటే పల్నాడు మీదుగా నల్గొండ దాకా ఆకాశం తెరిపిగా ఉంటే బయల్దేరండి. దిగిపోతున్న సూర్యుడి వెలుగు ఆ ఖాళీలోంచి వచ్చి మేఘాల అడుగున పడుతుంది. పడమట మందపాటి మబ్బు ఉంటే మన నెత్తిన ఎంత అందమైన మేఘాలున్నా రంగు రాదు. మబ్బే లేని తేట ఆకాశం కూడా ఫోటోలో బోసిగా ఉంటుంది. అలాంటి రోజు ఆకాశాన్ని ఫ్రేమ్‌లో ఒక సన్నటి పట్టీకి కుదించి, నేలకూ నీటికీ ఎక్కువ చోటు ఇవ్వండి.

నవంబర్ రెండో సగంలో తెల్లవారుజామున కాలవల మీద, పల్లపు పొలాల మీద పొగమంచు కడుతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకుండా, చలి వేస్తే మర్నాడు మంచుకు అవకాశం ఎక్కువ. సూర్యుడు ఎక్కిన కొద్దిసేపటికే అది కరిగిపోతుంది.

విజయవాడలో ఎక్కడ నిలబడాలి

ఇక్కడ నది సుమారుగా పడమర నుంచి తూర్పుకు పారుతుంది. ప్రకాశం బ్యారేజీ దానికి అడ్డంగా, ఉత్తరాన ఇంద్రకీలాద్రి పాదం నుంచి దక్షిణాన సీతానగరం దాకా సాగుతుంది. 1957లో వాడుకలోకి వచ్చిన ఈ కట్టడం పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. ఎగువన నిండు నీరు, దిగువన పాయలు, ఇసుక తిన్నెలు. సూర్యోదయం దిగువ వైపు, సూర్యాస్తమయం ఎగువ వైపు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఊళ్లో సగం దారి తెలిసినట్టే.

ఉదయం కోసమైతే బ్యారేజీ మీద ఒక పక్కగా నిలబడి తూర్పుకు తిరగండి. రైలు వంతెనలు నల్లటి గీతలుగా, వాటి వెనక ఎరుపు. కార్తీకంలో సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా వస్తాడు కాబట్టి నీటి మీదే పొడుగ్గా వెలుగు చార పడుతుంది. ట్రైపాడ్ మాత్రం వద్దు. బండ్లు పోతుంటే వంతెన సన్నగా వణుకుతుంది, నడిచేవాళ్లకూ అడ్డం. చేత్తోనే 1/250 సెకను షట్టర్ వేగం దగ్గర తీసేయండి. నిదానంగా ట్రైపాడ్ వేసి తీసుకోవాలంటే దిగువన పద్మావతి ఘాట్‌కు వెళ్లండి.

సాయంత్రానికి ఎక్కువమంది పున్నమి ఘాట్, భవానీ ఘాట్ వైపు వెళ్తారు. మంచి చోట్లే. ఎదురుగా భవానీ ద్వీపం, విశాలమైన నీరు, పడవలు. ఒక తేడా గమనించండి. వేసవిలో సూర్యుడు పడమరకు ఉత్తరంగా దిగుతాడు. ఇప్పుడు దక్షిణానికి, ఉండవల్లి కొండల వైపుకు జరుగుతాడు. మేలో తీసిన ఫోటో చూసి అదే చోట నిలబడితే ఇప్పుడు సూర్యుడు ఫ్రేమ్‌లోకి రాడు. జూన్ చివరికీ నవంబర్ మధ్యకీ మధ్య అస్తమయం జరిగే దూరం 40 డిగ్రీలు దాటుతుంది.

నన్నడిగితే ఈ కాలంలో ఈ ఊరికి మాత్రమే ప్రత్యేకమైన ఫోటో అవతలి ఒడ్డున, సీతానగరం వైపు నుంచి దొరుకుతుంది. ఇంద్రకీలాద్రి నదికి చూపించే ముఖం దక్షిణపు ముఖం. మే, జూన్ నెలల్లో సూర్యుడు ఉత్తరంగా ఉంటాడు కాబట్టి ఉదయం, సాయంత్రం వేళల్లో ఆ ముఖం నీడలో పడిపోతుంది. అక్టోబర్ నుంచి సూర్యుడు దక్షిణానికి వచ్చేస్తాడు, ఏటవాలు ఎండ ఆ రాతి మీద నేరుగా పడుతుంది. సాయంత్రం 4:45 నుంచి 5:25 మధ్య కొండ రాయి ఇటుక రంగుకు తిరుగుతుంది, అమ్మవారి గుడి గోపురం మెరుస్తుంది, కింద నీటిలో దాని నీడ పడుతుంది. వైడ్ లెన్స్‌తో తీస్తే కొండ గులకరాయంత అయిపోతుంది. 85 నుంచి 135 మిల్లీమీటర్ల మధ్య లెన్స్ పెట్టండి. గాలి తగ్గితే నీటిలో నీడ కదలకుండా నిలుస్తుంది. గాలి ఉంటే నీటి భాగం తగ్గించి కొండ మీదికి కెమెరా ఎత్తండి. ఈ ఒక్క ఫోటో కోసం ఒక సాయంత్రం మొత్తం ఇవ్వండి.

దసరా రోజుల్లో ఘాట్ల వైపు ల్యాండ్‌స్కేప్ పని పెట్టుకోవద్దు. దారులు మళ్లిస్తారు, క్యూలు కిలోమీటర్ల కొద్దీ ఉంటాయి, మూలా నక్షత్రం రోజున మరీనూ. ఆ పది రోజులూ ఊరి బయటకు, రెల్లు ఉన్న చోటికి వెళ్లండి. దసరా వేళకే అది నిండుగా పూస్తుంది.

ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం ఇంకో మంచి చోటు. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు కృష్ణలో కలిసేది ఇక్కడే. పడమటి దిక్కు ఏ అడ్డూ లేకుండా తెరుచుకుని ఉంటుంది. కొండపల్లి కోట కూడా అటువైపే. వానలకు పచ్చబడిన ఆ అడవి నవంబర్ చివరికి గోధుమ రంగులోకి తిరగడం మొదలుపెడుతుంది కాబట్టి కోటకు అక్టోబర్‌లోనే వెళ్లండి. వాన వెలిసిన మర్నాడు పైనుంచి లాంగ్ లెన్స్‌తో కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి పట్టొచ్చు. దగ్గరలోని థర్మల్ కేంద్రం పొగ గాలివాటాన్ని బట్టి లోయలోకి దిగుతుంది. అలాంటి రోజున దూరపు దృశ్యాలు వదిలేసి కోట గోడలు, వాటి మీద మొలిచిన చెట్ల మీద పని చేయండి.

గుంటూరు వైపు

ఇటు వైపు అసలు సంపద పొలాలు. కృష్ణా పశ్చిమ డెల్టాలో దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి చుట్టూ వరి అక్టోబర్‌లో ముదురు పచ్చగా ఉండి వెన్ను తీస్తుంది. నవంబర్ చివరి వారాలకు పసుపు తిరిగి, కోతకు వస్తుంది. మధ్యలో ఒక పదిహేను రోజులు పచ్చా పసుపూ కలిసిన రంగు ఉంటుంది. ఆకుపచ్చ మడి పక్కనే పసుపు మడి, మధ్యలో గట్టు, గట్టు మీద తాటిచెట్లు. మన శరత్తును ఒక్క ఫ్రేమ్‌లో చూపించాలంటే ఇంతకన్నా ఏం కావాలి? కాలవ గట్టు ఎక్కితే మనిషి ఎత్తున్నర పైనుంచి చూసే వీలు దొరుకుతుంది, మడులు గీతలుగా విడిపడతాయి. డ్రోన్ లేకుండానే ఆ దృశ్యం వస్తుంది.

పల్నాడు వైపు నల్లరేగడి నేలల్లో ఇదే సమయానికి పత్తి పగులుతుంది. తెల్లటి పత్తిని నడి ఎండలో తీస్తే దూది పోగుల వివరం మొత్తం పోయి తెల్ల మచ్చలు మిగులుతాయి. సూర్యుడు పొలం వెనక ఉండగా తీయండి. ఒక్కో కాయ చుట్టూ వెలుగు అంచు కడుతుంది.

గుంటూరు అనగానే ఎర్రటి మిర్చి కల్లాలు వెతుక్కుంటూ చాలామంది ఈ నెలల్లో వస్తారు. కల్లాల్లో మిర్చి ఆరబోసేది ప్రధానంగా ఫిబ్రవరి నుంచి. నవంబర్‌లో తోటలు ఇంకా పచ్చగానే ఉంటాయి. దాని కోసం మళ్లీ రండి.

మంగళగిరికి ఉదయం వెళ్లండి. 1807, 1809 మధ్య వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం తూర్పు వైపు ఉంది. పొద్దున్నే వెలుగు ముఖం మీద పడుతుంది. ఎత్తు 153 అడుగులు. గోపురం పాదం దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. వీధి వెంట వెనక్కి నడిచి, దూరం నుంచి లెన్స్ పెంచి తీస్తే గోపురం నిటారుగా నిలుస్తుంది, వెనక కొండ కూడా దగ్గరగా వచ్చి కూర్చుంటుంది.

కొండవీడు సాయంత్రానికి. 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు రాజధాని చేసుకున్న ఈ కొండ మీదికి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. పైన చెరువులున్నాయి, చుట్టూ మైదానం కనిపిస్తుంది. సముద్రం కావాలనుకుంటే బాపట్ల దగ్గర సూర్యలంక. అక్కడ తెల్లవారుజాము పని తప్ప సాయంత్రం పని లేదు, సూర్యుడు వెనక నేల మీద దిగిపోతాడు.

సామాను

కెమెరా ఏదైనా సరే. ఫోనైనా సరే. కొత్త బాడీ కొనడానికి దాచిన డబ్బుతో గట్టి ట్రైపాడ్, ఒక పోలరైజర్ కొనుక్కోండి. మిగతా ఫిల్టర్ల ప్రభావాన్ని చాలావరకు తర్వాత కంప్యూటర్‌లో తెచ్చుకోవచ్చు. పోలరైజర్ చేసే పని మాత్రం కుదరదు. వరి ఆకుల మీద, తడి రాళ్ల మీద, నీటి మీద మెరిసే తెల్లటి మెరుపును అది తీసేసి అడుగున ఉన్న అసలు రంగును బయటపెడుతుంది. సూర్యుడు మీ ఎడమ భుజం వైపో కుడి భుజం వైపో ఉన్నప్పుడు, అంటే 90 డిగ్రీల కోణంలో, అది బాగా పనిచేస్తుంది. సూర్యుడు ఎదురుగా ఉన్నా వీపు వెనక ఉన్నా ఉపయోగం తక్కువ. బాగా వైడ్ లెన్స్‌కు తగిలిస్తే ఆకాశం ఒక పక్క ముదురుగా, ఒక పక్క లేతగా వస్తుంది, అప్పుడు తీసేయండి. ఇంద్రకీలాద్రి నీడ నీటిలో కావాలనుకున్నప్పుడు కూడా పోలరైజర్‌ను జాగ్రత్తగా తిప్పండి. పూర్తిగా తిప్పేస్తే నీడ కూడా మాయమవుతుంది.

మన ఉక్కపోతకు సంబంధించిన చిట్కా ఒకటి. ఏసీ గదిలోంచో ఏసీ కారులోంచో కెమెరాను నేరుగా నది ఒడ్డుకు తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, మీ అరగంట అక్కడే పోతుంది. బయల్దేరిన దగ్గర నుంచే కారులో ఏసీ ఆపి కిటికీలు దించేయండి, లేదా గమ్యానికి ముందే బ్యాగ్ మూసి ఉండగానే బయట ఉంచి, అరగంట అయ్యాక తెరవండి.

మెత్తటి బట్ట, రెండో బ్యాటరీ, టార్చ్, నీళ్లు, మడమలు మూసే బూట్లు. రెల్లు దుబ్బుల్లో, పొలం గట్ల మీద పాములుంటాయి, చెప్పులతో దిగొద్దు.

కెమెరాలో ఏం పెట్టాలి

రా ఫార్మాట్ (కెమెరా పట్టిన సమాచారం మొత్తాన్ని దాచే ఫైల్) ఆన్ చేయండి. ఫోటో రంగు పసుపుగా ఉండాలో నీలంగా ఉండాలో నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తప్పించి డేలైట్‌లోనో, 5,500 కెల్విన్ దగ్గరో ఉంచండి. ఆటోలో ఉంటే కెమెరా ఆ పసుపు ఎండను చూసి, ఇదేదో తేడా అనుకుని చల్లబరిచేస్తుంది. మీరు పొద్దున్నే లేచి వచ్చిందే ఆ పసుపు కోసం. రాలో తర్వాత మార్చుకోవచ్చన్నది నిజమే. కానీ వెనక తెర మీద సరైన రంగు కనిపిస్తేనే అక్కడ నిలబడి సరైన నిర్ణయాలు తీసుకోగలరు.

ట్రైపాడ్ మీదైతే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11. రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్/22 దాకా పోతే అన్నీ స్పష్టంగా వస్తాయనుకోవద్దు, కాంతి వంగి ఫోటో మొత్తం మెత్తబడుతుంది. దగ్గరలో గడ్డి, దూరంలో కొండ రెండూ ఫోకస్‌లో కావాలంటే ఫ్రేమ్‌లో అన్నిటికన్నా దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో చూసి, దానికి రెట్టింపు దూరంలో ఫోకస్ పెట్టండి.

ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి రానిచ్చే వెలుగు విషయంలో ఆకాశాన్ని కాపాడండి. హిస్టోగ్రామ్ (ఎడమన నీడలు, కుడిన వెలుగులు ఎంత ఉన్నాయో చూపించే గ్రాఫ్) తెరిచి, కుడి గోడకు గుట్ట తగలకుండా చూసుకోండి. నీడల్లో ఉన్న వివరాన్ని తర్వాత పైకి లాగొచ్చు. తెల్లగా కాలిపోయిన మేఘంలో మాత్రం ఏమీ మిగలదు. ఆకాశానికీ నేలకూ వెలుగు తేడా మరీ ఎక్కువగా ఉంటే ట్రైపాడ్ కదపకుండా వేర్వేరు వెలుగుల్లో మూడు ఎక్స్‌పోజర్లు తీసి తర్వాత కలపండి.

ఫోన్ వాడేవాళ్లు ముందుగా లెన్స్ తుడవండి, జేబులోని నూనె మరక ఎండకు ఎదురుగా పెట్టగానే ఫోటో అంతా పాకుతుంది. గ్రిడ్ గీతలు ఆన్ చేయండి, నీటి గీత వంకరగా ఉంటే నది ఒక పక్కకు ఒలికిపోతున్నట్టు ఉంటుంది. ఆకాశం మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుగును కొద్దిగా కిందికి లాగండి. డిజిటల్ జూమ్ ముట్టుకోవద్దు. సంజె వేళ నైట్ మోడ్ చీకటిని పట్టపగలు చేసేస్తుంది, దాని సమయం తగ్గించి వాడండి.

రెల్లు తీసే పద్ధతి

దీని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ కాలానికి గుర్తు అదే, దాన్ని తప్పుగా తీయడం కూడా చాలా తేలిక. సూర్యుడు వీపు వెనక ఉండగా రెల్లును తీస్తే మురికి తెలుపు రంగులో, చదునుగా వస్తుంది. మీరు సూర్యుడికి ఎదురుగా, రెల్లు మీకూ సూర్యుడికీ మధ్య ఉండేట్టు నిలబడండి. ఇంకా చెప్పాలంటే మోకాళ్ల మీద కూర్చోండి, పూలు ఆకాశానికి ఎదురుగా పడతాయి. ఒక్కో కంకి లోపలి నుంచి వెలిగినట్టు వస్తుంది.

సూర్యుణ్ణి నేరుగా ఫ్రేమ్‌లో పెట్టకుండా ఏదో ఒక దుబ్బు వెనక దాచండి. లెన్స్ హుడ్ తగిలించండి, లేకపోతే అరచెయ్యి అడ్డం పెట్టండి. వెనక నీడలో ఉన్న గట్టో, చెట్ల గుంపో నల్లగా పడితే తెలుపు ఇంకా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు సగమయ్యే దాకా తగ్గించండి. గాలికి రెల్లు ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. నిలబెట్టాలంటే 1/500, ఆ ఊపునే చూపించాలంటే ట్రైపాడ్ మీద అర సెకను. మధ్యలో 1/30 దగ్గర తీస్తే ఇటూ అటూ కాకుండా చెదిరిపోతుంది.

కరకట్ట రోడ్డు వెంట, అమరావతి దారిలో నది వైపు దిగే చోట్ల, లంకల్లో వెతకండి. కార్తీకం సగానికి దూది రాలడం మొదలవుతుంది. పెద్ద వరద వచ్చిన ఏడు తక్కువ ఎత్తు లంకల్లో దుబ్బులు ఒండ్రు పట్టి వాలిపోతాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. అలాంటి ఏడాది గట్టు మీది రెల్లునే నమ్ముకోవాలి.

సూర్యుడు దిగాక ఇంటికి వెళ్లొద్దు

అస్తమయం కాగానే అందరూ బండ్లు స్టార్ట్ చేస్తారు. మీరు ఇంకో ఇరవై నిమిషాలు ఆగండి. పది నిమిషాలు గడిచాక ఆకాశం నీలంగా లోతెక్కుతుంది, బ్యారేజీ దీపాలు, కొండ మీది గుడి దీపాలు వెలుగుతాయి. ఆ నీలం, ఈ పసుపు సమానంగా తూగే సమయం ఏడెనిమిది నిమిషాలే ఉంటుంది. ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్/8, నాలుగు సెకన్లతో మొదలుపెట్టి చీకటి పెరిగేకొద్దీ పదిహేను దాకా పెంచుకుంటూ పోండి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, వేలు తగిలిన కుదుపు కూడా పడకుండా. బ్యారేజీ మొత్తం పట్టాలంటే కెమెరాను నిలువుగా తిప్పి, ఒక్కో ఫోటోలో మూడో వంతు ముందు ఫోటోతో కలిసేట్టు వరసగా తీసి తర్వాత అతకండి.

తప్పకుండా పాటించాల్సినవి

నది విషయంలో మొండితనం వద్దు. గేట్లు ఎత్తి ఉన్నప్పుడు, సైరన్ మోగినప్పుడు దిగువ ఇసుక తిన్నెల మీద ఉండకూడదు. నీరు లేదనిపించే చోట కూడా ఇసుక తవ్విన గుంతలు లోతుగా ఉంటాయి. పడవ ఎక్కితే అనుమతి ఉన్న పడవే ఎక్కండి, లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కండి. 2017 నవంబర్‌లో, కార్తీక మాసం ఆదివారం సాయంత్రం, పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఏ ఫోటో కూడా అంత ఖరీదు చేయదు.

కార్తీకంలో తెల్లవారకముందే ఆడవాళ్లు స్నానాలు చేసి అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. నీటి మీద వెళ్లిపోయే దీపాలను తీయండి, స్నానం చేసేవాళ్ల వైపు కెమెరా తిప్పొద్దు. దీపం వదిలే మనిషిని దగ్గరగా తీయాలనుకుంటే, అమ్మా ఒక ఫోటో తీసుకోవచ్చా అని ముందే అడగండి. వద్దంటే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి. పొలంలోకి దిగే ముందు కూడా రైతును అడగండి, గట్టు మీదే నడవండి. వెన్ను బరువుకు వంగిన పైరును తొక్కితే అది మళ్లీ లేవదు.

ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, అక్కడ ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి. చేత్తో తీసుకోవచ్చు. డ్రోన్ అయితే పౌర విమానయాన శాఖ వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడకుండా ఎగరేయొద్దు. బ్యారేజీ, గుడి, విమానాశ్రయం ఉన్న ఊరు ఇది, పోలీసు అనుమతి కూడా అడిగి తెలుసుకోండి.

ఇంటికొచ్చాక

ఫోటోలు ముందు రెండు చోట్ల కాపీ చేసి, ఆ తర్వాతే కార్డు ఖాళీ చేయండి. లైట్‌రూమ్ గానీ, ఫోన్‌లో స్నాప్‌సీడ్ గానీ తెరిచి మొదట వంకరగా ఉన్న దిగంతపు గీత సరిచేయండి, తర్వాత హైలైట్స్ తగ్గించి షాడోస్ కొంచెం ఎత్తండి. రంగు పెంచే శాచురేషన్ జోలికి పోకుండా లేత రంగులనే ఎక్కువగా పెంచే వైబ్రెన్స్ కొద్దిగా జరపండి. వరి పచ్చ చిలకాకుపచ్చగా మారిందంటే ఎక్కువైనట్టే. ఆ చోట మీరు చూసిన రంగు గుర్తుండగానే, అదే రాత్రి ఈ పని చేసుకుంటే మంచిది.

ప్రింట్ వేయిస్తారా? వేయించండి, ఈ దృశ్యాలకు ఫోన్ తెర చాలదు. అయితే ఫోన్, కంప్యూటర్ తెరలు కాగితం కంటే చాలా వెలుగుగా ఉంటాయి కాబట్టి తెర మీద సరిగ్గా ఉన్న ఫోటో ల్యాబ్ నుంచి ముదురుగా వస్తుంది. తెర వెలుగు సగానికి తగ్గించి, అప్పుడు బాగుందనిపించేలా ఫోటోను సరిచేసి ఫైల్ ఇవ్వండి. మొదట చిన్న సైజులో ఒకటి వేయించి పగటి వెలుగులో చూసుకున్నాకే 12×18 అంగుళాలకు చెప్పండి. మ్యాట్ కాగితం అడగండి, గ్లాసీ అయితే గోడ మీద ట్యూబ్‌లైట్ మెరుపే ముందు కనిపిస్తుంది.